తదుపరి ప్రకటన వెలువడే వరకు

చినవంగిపాలెం శ్రీ కోదండరామాలయ కమిటీ వారి ధ్వని యంత్రం సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నదనీ, అది కేవలం నిద్రపోతున్నదనీ, గ్రామ ప్రజలు ఆందోళన చెందవలసిన అవసరం లేదనీ ఇందుమూలంగా తెలియజేయడమైనది.

గుడి గోడకు అంటించిన ఈ నోటీసు రాసింది బాపయ్య. ఊళ్ళో గుండ్రంగా, తప్పుల్లేకుండా రాయగలిగేది ఆయనొక్కడే కాబట్టి పదకొండేళ్ళుగా కమిటీ మినిట్స్ పుస్తకం ఆయన చేతిలోనే ఉంది. ఆ పుస్తకంలో ప్రతి పేజీకీ నాలుగు గడులు. తీర్మానం, ప్రతిపాదించినవారు, బలపరచినవారు, సందేహాలు. నాలుగో గడి మొదట్లో లేదు. బాపయ్య ప్రతి సమావేశంలోనూ లేచి "చిన్న సందేహమండీ" అంటూ ఉండడంతో ఆయన మాటలకు ఎక్కడో ఒకచోట జాగా చూపించాలని గీయించారు. గడి ఇచ్చాక ఇక జవాబు ఇవ్వనక్కర్లేదని కమిటీ భావించింది. బాపయ్య కూడా అలాగే భావించాడు. తనే అడిగి, తనే రాసుకుని, "సభ్యుని సందేహాన్ని సభ అభినందించింది" అని కింద చేర్చి, రాముడికి దణ్ణం పెట్టుకుని ఇంటికి వచ్చేవాడు. ఊళ్ళో ఇంత సజావుగా సాగే వ్యవహారం మరొకటి లేదు.

ఇక యంత్రం సంగతి. అది జానెడు పొడవున్న నల్లటి పెట్టె. ఇంటర్నెట్ నుంచి పాటలూ శ్లోకాలూ తెచ్చుకుని, తీగ లేకుండానే అందుకుని, గోపురం మీది రెండు హారన్లలో వినిపిస్తుంది. గుంటూరులో కూర్చున్నా, దాచేపల్లిలో పడుకున్నా ఫోను మీద వేలు ఆనిస్తే చాలు, చినవంగిపాలెంలో సుప్రభాతం మోగుతుంది. దీన్ని సమర్పించింది కమిటీ ప్రెసిడెంటు వీరబాబు. గుంటూరులో కోల్డ్ స్టోరేజీ నడుపుతూ అక్కడే ఉంటాడు కాబట్టి, ఊరికి దూరంగా ఉండి ఊరిని చూసుకోవడం ఎలాగో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

అంతకుముందు ఈ పని రోశయ్య చేసేవాడు. ఇరవయ్యారేళ్ళ పాటు తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, మైకు సెట్టు ముందు కూర్చుని సుప్రభాతం పెట్టేవాడు. ఆ తర్వాత ఊరి కబుర్లు చెప్పేవాడు. ఎవరి గేదె తప్పిపోయింది, కాలవకు నీళ్ళు ఎప్పుడొస్తాయి, మిర్చి యార్డులో తేజ రకం కాయ ఏ ధర పలికింది, వాన వచ్చేట్టుందా లేదా. అతనికి నిద్రపోవడం సరిగ్గా రాదని గుర్తించి, ఇకనైనా విశ్రాంతి తీసుకోవాలని కమిటీ శాలువా కప్పి పంపించింది. పాత మైకు సెట్టు గుడి వెనక గదిలోకి వెళ్ళింది. ఇకపై దాన్ని వాడడం గ్రామ ప్రతిష్ఠకు భంగకరమని పద్నాలుగో నంబరు తీర్మానం చేశారు.

పెట్టె వచ్చిన రోజు దానికి గంధం రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. అంతటి వస్తువును బల్ల మీద ఉత్తినే పెట్టడం అపచారమని వీరబాబు తన తండ్రిగారి పేరిట నలభై కిలోల ఇత్తడి మందిరం చేయించాడు. మిరప ఘాటూ దుమ్మూ దూరకుండా నాలుగు వైపులా దళసరి రేకు, ముందు రెండు తలుపులు, వాటికి తాళం. తలుపుల మీద తండ్రిగారి పేరు రాముడి పేరు కంటే కొంచెం పెద్ద అక్షరాలతో చెక్కించాడు. తాళంచెవి తన కారు తాళంచెవితో కలిపి గుంటూరు తీసుకెళ్ళాడు.

ఆ రోజే బాపయ్య లేచాడు. పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకం ఆయన రెండుసార్లు చదివాడు. ఇరవై నిమిషాలు పని లేకపోతే యంత్రం నిద్రలోకి పోతుందనీ, నిద్రలో కూడా ఫోను పిలుపు కోసం ఒక చెవి తెరిచే ఉంచుతుందనీ, అందువల్ల దాన్ని దేనితోనూ మూయకుండా ఉంచాలనీ, ఒకవేళ లేవకపోతే నెత్తిమీది మీట నొక్కాలనీ అందులో ఉంది.

"చిన్న సందేహమండీ. మనం ఇత్తడి తలుపులు బిగిస్తున్నాం గదా, లోపల దానికి వినబడుతుందంటారా?"

వీరబాబు నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు, జాలి ఉంది. "బాబాయ్, గర్భగుడి తలుపులు వేసినంత మాత్రాన స్వామికి మన మొర వినబడకుండా పోతుందా?"

సభ చప్పట్లు కొట్టింది. స్వామికి వినబడదని అనడానికి బాపయ్యకు నోరు రాదు. స్వామి వేరు, పెట్టె వేరు అనడానికి సమయం మించిపోయింది. సందేహాన్ని నాలుగో గడిలో రాసి, సభ అభినందించినట్టు కింద చేర్చాడు.

మర్నాడు సుప్రభాతం మోగలేదు. ఆ మర్నాడూ మోగలేదు. స్వామిని లేపడానికి పెట్టిన యంత్రమే నిద్రపోతూండడంతో, పూజారి గారు రెండింటినీ ఉద్దేశించి నోటితోనే సుప్రభాతం చదివారు. స్వామి లేచాడు. యంత్రం లేవలేదు.

ఫోనులో యంత్రాన్ని నడిపే బాధ్యత ఉదయ్ కుమార్‌ది. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే కుర్రాడు కాబట్టి కమిటీ అతన్ని సాంకేతిక కన్వీనర్‌గా నియమించింది. అతను రోజూ తెల్లవారకముందే మంచం మీంచి వేలితో పొడిచేవాడు. "యంత్రం కనబడుట లేదు" అని ఫోను జవాబిచ్చేది. మూడు ఆదివారాలు వరసగా ఊరికొచ్చి పరీక్షించాడు. ప్రతిసారీ వీరబాబు గుంటూరు నుంచి తాళంచెవి తెచ్చి తలుపులు తీసేవాడు. తీసిన మరుక్షణం పెట్టెలో పచ్చదీపం వెలిగి, ఫోను అడిగిన శ్లోకమల్లా వినిపించేది. యంత్రంలో ఏ లోపమూ లేదని రాసి, సంతకాలు పెట్టి, తలుపులు మూసి తాళం వేసి వెళ్ళేవారు. సోమవారం అది మళ్ళీ నిద్రపోయేది. తలుపులు తీసి ఉన్నంతసేపు అది చక్కగా పనిచేస్తున్నందువల్ల, మూసినప్పుడు పనిచేయకపోవడానికి దాన్ని బాధ్యురాలిని చేయరాదని కమిటీ తీర్మానించింది.

అయినా కమిటీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నిద్రా నివారణ ఉపసంఘం వేసింది. వైఫై ఇచ్చే రౌటరు మార్చారు. ఫోనుల్లో యాప్ తీసేసి మళ్ళీ ఎక్కించారు. పాస్‌వర్డ్ మరిచిపోయి, కొత్తది పెట్టి, అది అందరికీ గుర్తుండాలని గోడ మీద సుద్దతో రాశారు. మందిరాన్ని ఈశాన్యానికి తిప్పారు. పెట్టె పేరు జన్మ నక్షత్రానికి సరిపడలేదని ఎవరో అంటే, కొన్న తేదీని బట్టి నక్షత్రం కట్టి పేరు మార్చారు. తలుపుల ప్రస్తావన మాత్రం ఎవరూ తేలేదు, బాపయ్య తప్ప. ఆయన మాటలు నాలుగో గడిలో భద్రంగా ఉన్నాయి.

ఇలా ఉండగా మిరప కోతలు ముగిశాయి. ఊరి చుట్టూ కళ్ళాలు ఎర్రటి తివాచీలు పరిచినట్టయ్యాయి. బాపయ్యది కౌలు భూమి, మూడెకరాల తేజ. మొక్క నాటినప్పటి నుంచి తామర పురుగుతో తగాదా పడి, ఆఖరికి దక్కించుకున్న కాయ అంతా కళ్ళంలో పదిహేను రోజులుగా ఎండుతోంది. ఇంకో నాలుగైదు ఎండలు తగిలితే యార్డుకు తోలవచ్చు. తడిస్తే తెల్లబారి తాలు కాయ అవుతుంది. తాలు కాయను యార్డులో చూసేవాడు కూడా మొహం తిప్పుకునే చూస్తాడు. ఆ ఏడాది ఆ ఇంటికి ఉన్నదంతా ఆ కళ్ళంలోనే ఉంది. రోజూ సాయంత్రం తులసి దగ్గర దీపం పెట్టేటప్పుడు ఆయన కోరిక ఒకటే. నాలుగు ఎండలు, స్వామీ.

ఆ నాలుగు ఎండల్లో రెండోదాని నాటి మధ్యాహ్నం రెండు గంటలకు, గంటలో వాన పడుతుందని అందరి ఫోనులకూ సందేశం వచ్చింది. ఫోను లేనివాళ్ళకు కూడా తెలిసేలా పడమట కోటప్పకొండ వైపు ఆకాశం నల్లబడింది. వెంటనే కళ్ళాల మీద పట్టాలు కప్పుకోమని ఊరికి ప్రకటన చేయాలి. కమిటీ అత్యవసరంగా గుడి మంటపంలో సమావేశమైంది. తొమ్మిది మంది సభ్యుల్లో అయిదుగురు ఉంటేనే కోరం. అయిదోవాడు బాపయ్య.

ఉదయ్ కుమార్ దాచేపల్లి నుంచి ప్రకటన తయారుచేసి, వీరబాబు గొంతుతో రికార్డు చేయించాడు. "చినవంగిపాలెం రైతు సోదరులకు విజ్ఞప్తి. వర్ష సూచన ఉన్నందున తక్షణమే కళ్ళాల మీద పట్టాలు కప్పుకోవలెను. తదుపరి ప్రకటన వెలువడే వరకు పట్టాలు తొలగించరాదు." ఆఖరి వాక్యం తన సొంతమని ఉదయ్ కుమార్ తర్వాత వినయంగా చెప్పుకున్నాడు. ప్రకటన ఫోనుల్లోంచి బయలుదేరింది. యంత్రం నిద్రలో ఉంది.

వీరబాబు వీడియోలో కనిపిస్తూ గుంటూరు నుంచి పంపాడు. ఉదయ్ కుమార్ దాచేపల్లి నుంచి పంపాడు. మంటపంలో ఇద్దరు మందిరానికి మూరెడు దూరంలో నిలబడి పంపారు. రౌటరు ఆర్పి వెలిగించారు. ఫోనులు ఆర్పి వెలిగించారు. పెట్టె అమ్మిన కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోను చేస్తే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా పలికి, పెట్టె మీద మీట నొక్కమంది.

"మీట లోపలుందమ్మా."

"దేని లోపల సర్?"

"మందిరంలో. ఇత్తడిది. నలభై కిలోలు."

"తలుపు తీయండి సర్. అంతే."

తాళంచెవి గుంటూరులో ఉందని చెప్పారు. ఈ సంభాషణ మీకు తృప్తినిచ్చిందా అని ఆ అమ్మాయి అడిగింది. ఇచ్చిందని చెప్పి అయిదు నక్షత్రాలు ఇచ్చారు. హెల్ప్‌లైనువారు చేయగలిగిందంతా చేశారని బాపయ్య పుస్తకంలో రాశాడు.

మంటపం మెట్ల దగ్గర రోశయ్య నిలబడి ఉన్నాడు. కప్పిన శాలువాను తలపాగా చుట్టుకున్నాడు. వెనక గదిలో మైకు సెట్టు ఉందనీ, బ్యాటరీలో ఇంకా చార్జింగ్ ఉందనీ, తాళం తీస్తే రెండు నిమిషాల పని అనీ అన్నాడు. కమిటీ అతనికి పద్నాలుగో నంబరు తీర్మానం చదివి వినిపించింది. పోనీ గుడి గంట కొడతానన్నాడు. మధ్యాహ్నం తలుపులు వేశాక గంట మోగించడం శాస్త్రం కాదని పూజారి గారు చెప్పారు. రోశయ్య ఆకాశం వంక చూసి, బాపయ్య వంక చూశాడు.

"బావా, నీ కాయ ఆరబోసి ఉంది. ఇక్కడ కూర్చుని ఏం రాస్తున్నావు?"

బాపయ్య లేవబోయాడు. ఆయన లేస్తే కోరం పోతుందనీ, కోరం లేకుండా ప్రకటన వెలువడితే చెల్లదనీ ఎవరో గుర్తుచేశారు. బాపయ్య మళ్ళీ కూర్చున్నాడు. కూర్చుని మనసులో రాముణ్ణి తలుచుకున్నాడు. రాముడు తలుపుల వెనక ఉన్నాడు.

రోశయ్య సైకిలెక్కి కళ్ళాల వైపు కేకలు పెట్టుకుంటూ పోయాడు. అయితే అది అధికారిక ప్రకటన కాదు. గోపురం మీంచి వచ్చిన మాట కాదు కాబట్టి చాలామంది హారన్ల వైపు చూస్తూ నిలబడ్డారు. ఊళ్ళో ఇంతమంది ఒకేసారి తలలెత్తిన సందర్భం అంతకుముందు లేదు. గోపురానికి పక్కనే, అంతే ఎత్తులో, నల్లటి మబ్బు ఉంది. దాన్ని ఎవరూ ప్రత్యేకంగా గమనించలేదు.

వాన ఇరవై నిమిషాలు పడింది. సరిగ్గా యంత్రం నిద్రపోవడానికి పట్టేంత సేపు. సమావేశం ముగిశాక బాపయ్య తడుస్తూ కళ్ళానికి పరుగెత్తాడు. అక్కడ పట్టా కప్పి ఉంది. దాని నాలుగు మూలలా రాళ్ళు ఉన్నాయి. ఒక అంచు మీద ఆయన భార్య సుబ్బరావమ్మ, రెండో అంచు మీద రోశయ్య కూర్చుని తడుస్తున్నారు.

"సమావేశం బాగా జరిగిందా అండీ?" అంది సుబ్బరావమ్మ.

ఆమె దాన్ని కుశల ప్రశ్నగానే అడిగిందని బాపయ్య నమ్మాడు.

మిగతా ఊళ్ళో కాయ తడిసింది కానీ పూర్తిగా పోలేదు. మర్నాటి నుంచి ఎండ పేలిపోయింది. అందరూ కాయను పల్చగా నెరిపి, తిరగబోసి, మళ్ళీ ఆరబోశారు. ఇంకో రెండు ఎండలు తగిలితే గట్టెక్కినట్టేనన్నారు. ఊరు కొంచెం ఊపిరి పీల్చుకుంది.

వాన పడ్డ మూడో రోజు మిట్టమధ్యాహ్నం వీరబాబు కారు వచ్చింది. వైఫల్యానికి కారణాలు విచారించడానికి కమిటీ మళ్ళీ మందిరం ముందు చేరింది. తాళం తీశారు. తలుపులు తెరిచారు. పచ్చదీపం వెలిగింది. వాన రోజున నాలుగు ఫోనుల్లోంచి బయలుదేరిన ప్రకటనలు పదకొండూ ఎక్కడ ఆగి ఉన్నాయో గానీ, ఒకదాని వెనక ఒకటి క్రమశిక్షణగా లోపలికి వచ్చాయి. గోపురం మీది హారన్లు రెండూ ఒక్కసారిగా గొంతెత్తాయి. చినవంగిపాలెం రైతు సోదరులకు విజ్ఞప్తి. వర్ష సూచన ఉన్నందున తక్షణమే.

ఎండకు గుడి ముందు నాపరాళ్ళ మీద కాలు పెట్టలేకపోతున్నారు. ఆకాశంలో మబ్బు సరే, పక్షి కూడా లేదు. పదకొండుసార్లూ వీరబాబు తన గొంతు తానే కళ్ళు మూసుకుని విన్నాడు. ఆయన కంట తడి నిలిచింది.

"చూశారా. లోపం లేదని నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నా."

"చిన్న సందేహమండీ," అన్నాడు బాపయ్య. "ఇది ఆ రోజుది గదా. ఇవాళ ఎండగా ఉంది."

వీరబాబు ఆలోచించాడు. ఇది ఆ రోజుదే అని ఒప్పుకుంటే ఆ రోజు యంత్రం పలకలేదని ఒప్పుకున్నట్టవుతుంది. "బాబాయ్, అది శాటిలైట్లతో మాట్లాడే వస్తువు. మనకి కనబడనివి దానికి కనబడతాయి. ముందుజాగ్రత్తగా కప్పుకుంటే పోయేదేముంది?" అని తలుపులు మూసి తాళం వేసి, గుంటూరు వెళ్ళిపోయాడు.

అప్పటికే ఊరు కదిలింది. మొన్న ప్రకటన రాక నష్టపోయిన ఊరు, ఇవాళ వచ్చిన ప్రకటనను వదులుకోదలచుకోలేదు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, పత్తి తీతకు వచ్చిన కూలీలు అంతా కళ్ళాలకు పరుగెత్తి, నెత్తి మాడే ఎండలో, చెమటలు తుడుచుకుంటూ, తడి ఇంకా ఆరని కాయ మీద నల్లటి పట్టాలు కప్పారు. కప్పి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం చూశారు. ఎండ కళ్ళలో పొడిచింది. చెయ్యి దించేశారు.

బాపయ్య కూడా కప్పాడు. సందేహం ఉంది. అయినా కమిటీ సభ్యుడై ఉండి కమిటీ ప్రకటన పాటించకపోతే ఊరికి ఏం మొహం చూపించాలి. సుబ్బరావమ్మ కొంగు బొడ్లో దోపుకుని చూస్తూ నిలబడింది. ఆ చూపుకు ఆయనకు కొంచెం భయం వేసింది.

తదుపరి ప్రకటన వెలువడే వరకు పట్టాలు తొలగించరాదు కదా. వాన రాలేదు కాబట్టి పట్టాలు తీయమని ఉదయ్ కుమార్ ఆ సాయంత్రమే దాచేపల్లి నుంచి ప్రకటన పంపాడు. యంత్రం నిద్రలో ఉంది. మర్నాడు నాలుగుసార్లు పంపాడు. ఆ మర్నాడు ఆరుసార్లు. వీరబాబు కోల్డ్ స్టోరేజీ పనుల్లో తీరికలేక రాలేకపోయాడు. ఉపసంఘం పొద్దునా సాయంత్రమూ మందిరం ముందు కూర్చుంది. బాపయ్య పొద్దునా సాయంత్రమూ రాస్తూనే ఉన్నాడు.

పట్టాలు తీయడానికి ఎవరికీ ఏ అడ్డూ లేదు. పోలీసులు లేరు, కాపలా లేదు. పట్టా అంచు పట్టుకుని లాగితే వస్తుంది. కాని ప్రతివాడూ పక్క కళ్ళం వైపు చూశాడు. పక్కవాడు తీయలేదు. తనే ముందు తీసి, ఆ క్షణమే వాన పడితే నవ్వులపాలవుతాడు. అందరితో కలిసి కాయ పోగొట్టుకుంటే అందులో నామర్దా లేదు. మూడో రోజుకు పట్టాల కింద నుంచి ఆవిరి వచ్చింది. నాలుగో రోజుకు బూజు వాసన వచ్చింది. వాసన వస్తోందంటే లోపల కాయ క్షేమంగా ఉందని అర్థమని ఒకరు ధైర్యం చెప్పారు.

బాపయ్యకు అన్నం సయించలేదు. రాత్రీ పగలూ ఆ పట్టా కళ్ళముందు కదిలింది. "తీసేద్దామా అని చిన్న సందేహం," అన్నాడు భార్యతో, కంచం ముందు కూర్చుని.

"పుస్తకంలో రాసుకోండి," అంది సుబ్బరావమ్మ, మజ్జిగ పోస్తూ.

అయిదో రోజు వీరబాబు వచ్చాడు. తాళం తీశాడు. తలుపులు తెరుచుకోగానే, పట్టాలు తీయవచ్చనే ప్రకటన ఇరవై మూడుసార్లు మోగింది. ఊరంతా ఒక్కుమ్మడిగా పట్టాలు లాగింది. కింద కాయ ఎక్కడికక్కడ ముద్దలు కట్టి, తెల్లబారి, మీద బూజు నూగులా లేచి ఉంది. ఎవరూ ఏడవలేదు. వంగి ఒక కాయ తీసుకుని, విరిచి, గింజలు చూసి, కింద పడేసి, మళ్ళీ ఇంకో కాయ తీసుకున్నారు.

బాపయ్య తన కళ్ళం దగ్గర నిలబడి చాలాసేపు పట్టా ముట్టుకోలేదు. ఆఖరికి రామా అని అంచు ఎత్తాడు. కింద మిరపకాయ ఒక్కటి కూడా లేదు. పత్తి కట్టె పేర్చి ఉంది. ఆయన కట్టె మీదనే కూలబడ్డాడు. కాయ కుళ్ళి ఉంటుందని అనుకున్నాడు గానీ, కట్టెగా మారుతుందని అనుకోలేదు.

సుబ్బరావమ్మ వచ్చి లేపింది. చెయ్యి పట్టుకుని మురుగు కాలవ దాటించి, ఉపసంఘం ఎప్పుడూ తొంగిచూడని రోశయ్య కళ్ళంలోకి తీసుకెళ్ళింది. అక్కడ మూడెకరాల తేజ, గాజు గలగలలాడినట్టు ఎండి, ఎర్రగా మెరుస్తోంది. రోశయ్య శాలువా నడుముకు కట్టుకుని కాలితో కాయ తిరగబోస్తున్నాడు.

"నువ్వు పొద్దునా సాయంత్రం మందిరం ముందు కూర్చుంటుంటే మాకు తీరిక బాగా దొరికింది బావా," అన్నాడు. "నలుగురు కూలీల్ని పెట్టి మీ కాయంతా ఇటు మోయించింది చెల్లెమ్మ."

బాపయ్య కాయను చేత్తో ముట్టుకుని చూశాడు. కళ్ళు చెమర్చాయి. మిరప ఘాటు కావచ్చు. "మరి ప్రకటన వచ్చింది గదా," అన్నాడు నెమ్మదిగా.

"ప్రకటనకి పట్టా కప్పాను. కాయని ఎండబెట్టాను," అంది సుబ్బరావమ్మ. "ఎండలో కాయకి దుప్పటి కప్పమని ఏ రాముడు చెప్పాడండీ?"

మర్నాడు కాయను టిక్కీలకు, అంటే గోనె బస్తాలకు, ఎత్తి ఇంటి ముందు పేర్చారు. నష్టం అంచనా వేయడానికి వీధి వెంట వస్తున్న కమిటీ అక్కడ ఆగింది. వీరబాబు ఒక టిక్కీ మూతి విప్పి, గుప్పెడు కాయ తీసి ఎండలో పట్టుకుని చూశాడు. ఊళ్ళో అంత ఎర్రటి కాయ ఇంకెక్కడా లేదు. ఆయన మొహం వెలిగింది. విషయం ఆయనకు అర్థమైంది. ఎవరూ వివరించనక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రం మంటపంలో సభ జరిగింది. గర్భగుడి తలుపులూ, ఇత్తడి మందిరం తలుపులూ రెండూ తెరిచి ఉంచారు. ఊరంతా వచ్చింది. కాయ పోయినవాళ్ళు ముందు వరసల్లో కూర్చున్నారు.

"సోదరులారా," అన్నాడు వీరబాబు. "యంత్రాన్ని నిందించడం తేలిక. కానీ ఒక్కసారి బాపయ్య బాబాయ్ కాయ చూడండి. ఆయన కమిటీ సభ్యుడు. ప్రకటనను అక్షరం పొల్లుపోకుండా పాటించాడు. కప్పమన్నప్పుడు కప్పాడు. తీయమన్నప్పుడు తీశాడు. కాయ నిలబడింది. మనలో ఎవరు పట్టా సరిగ్గా కప్పలేదో, ఎవరు మధ్యలో మనసులో అనుమానపడ్డారో వారి వారి అంతరాత్మలకు తెలుసు."

ముందు వరసల్లో తలలు వంగాయి. అనుమానపడనివాడు ఊళ్ళో ఒక్కడూ లేడు.

బాపయ్యకు శాలువా కప్పారు. అది రోశయ్యకు కప్పిన రకమే, రంగు మాత్రం వేరు. ఆ తర్వాత తీర్మానం చదివారు. యంత్రాన్ని సకాలంలో నిద్ర లేపడానికి రెండో యంత్రం కొనాలి. దానికీ ఒక ఇత్తడి మందిరం చేయించాలి. ఆ తాళంచెవి కూడా ప్రెసిడెంటు గారి వద్దనే భద్రపరచాలి.

వీరబాబు ఆగి, అలవాటుగా బాపయ్య వైపు తిరిగాడు. సభంతా తిరిగింది. పదకొండేళ్ళుగా ఈ చోట ఆయన లేచి నిలబడతాడు.

బాపయ్య ఆడవాళ్ళ వైపు చూశాడు. సుబ్బరావమ్మ ఆయన్నే చూస్తోంది. స్తంభం పక్కన రోశయ్య నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్ళూ ఆయన దగ్గర ఉన్నవి సందేహాలే. ఇవాళ మొదటిసారి ఆయనకు ఒక సంగతి ఖాయంగా తెలుసు. పట్టా కింద ఉన్నది పత్తి కట్టె. చెబితే సుబ్బరావమ్మ ప్రకటనను ధిక్కరించినట్టు పదిమందిలో తేలుతుంది. రోశయ్య మీద మాట వస్తుంది. కప్పిన శాలువా తీయించుకోవడం సభా మర్యాద కూడా కాదు. ఇలా ఒకటొకటిగా కారణాలు దొరికాయి. అన్నీ మంచి కారణాలే. ఆయన గర్భగుడిలోకి చూశాడు. రాముడు కూడా కమిటీ పరిధిలోనే ఉన్నాడు.

"సందేహాలేమన్నా ఉన్నాయా బాబాయ్?"

బాపయ్య శాలువా సర్దుకుని, లేవకుండానే తల అడ్డంగా ఊపాడు.

చప్పట్లు మోగాయి. కాయ పోయినవాళ్ళు అందరికంటే ఎక్కువసేపు కొట్టారు. చప్పట్లు సద్దుమణిగాక వీరబాబు ఇత్తడి తలుపులు మూసి తాళం వేశాడు. బాపయ్య పుస్తకం ముందుకు లాక్కున్నాడు. తీర్మానం రాశాడు. ప్రతిపాదించినవారి పేరు రాశాడు. బలపరచినవారి చోట, చోటు చాలదు కాబట్టి, గ్రామస్థులందరూ అని రాశాడు. నాలుగో గడి దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత అందులో "లేవు" అని రాశాడు.

చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా, తప్పు లేకుండా ఉంది.